బావ నీ దగ్గరే ఉన్నాడని చెప్పు

కోవిల్‌పట్టి దాపు, కరిసల్‌పట్టి,
1934 నవంబరు 5, సోమవారం.

చిరంజీవి తమ్ముడు రామానుజానికి, నిన్ను చంకనేసుకుని పెంచిన అక్క పొన్నమ్మాళ్ దీవెనలు. ఇక్కడ నేనూ, పిల్లలూ, మా అత్త తాయమ్మాళ్ క్షేమం. అక్కడ నువ్వూ మరదలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ జాబు చేరింది. ఎద్దులు పోతే పోలీసులకు చెప్పకుండా ఇంట్లో కూర్చున్నారా అని మా ఇద్దరికీ బాగానే గడ్డిపెట్టావు. విరుదునగర్ మిరపకాయల మండీలో కూర్చుని పేపరు చదివేవాడికి చట్టం మాట్లాడటం తేలికే. రామాయణం చదువుకోమని నాయన మనిద్దరికీ తెలుగు అక్షరాలు నేర్పాడు. అవి నాకు ఇందుకు పనికొస్తాయని అనుకోలేదు. ఈ రాత చదవగలవాడు మా ఊళ్ళో మరొకడు లేడు, అందుకే దాచకుండా రాస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టెయ్యి.

ఈ ఏడు వాన బాగా పడింది. నల్లరేగడి సంగతి నీకు తెలుసు, పదును ఆరిపోతే పత్తి గింజ మొలవదు, ఏడాదంతా పస్తే. సరిగ్గా ఆ పదునులోనే కొట్టంలోంచి రెండెద్దులూ పోయాయి. స్టేషనుకు వెళ్ళమని మొదట పోరింది నేనే. మీ బావ విన్నాడా? "స్టేషనుకు పోతే ఏమయితాది? ఎద్దులు దొరికినా సాచ్చికమని ఆడనే కట్టేస్తారు. మన బూమి ఎండినాక ఇస్తారు" అన్నాడు. అదీ నిజమే. మొన్నీమధ్య పడమటి వీధి పొన్నుసామి తన ఆవు పోయిందని కంప్లెయింటు రాసిచ్చాడు. అది కొన్నాళ్ళకు సొంత బావిలోనే తేలింది.

అందుకని మీ బావ అప్పాసామి దగ్గరికి వెళ్ళాడు. పక్క ఊరివాడు, మనవాడే, మన తెలుగు మాటే మాట్లాడతాడు. పోయిన పశువుల జాడ చెప్పి, ఆ జాడకు తుప్పుకూలి అని డబ్బు పుచ్చుకోవడం అతని వృత్తి. దొంగలెవరో అతనికి తెలుసు. తెలుసన్న సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. దానికి పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నం వాగు అవతల ముళ్ళపొదల్లో ఎద్దుల్ని కట్టి ఉంచుతారు. సొంతదారు ఒక్కడే వెళ్ళాలి. తల ఎత్తకూడదు, నోరు విప్పకూడదు, పలుపు విప్పుకుని వచ్చెయ్యాలి.

గురువారం మీ బావ సజ్జల కంబుకూడు తిని వెళ్ళాడు. పొద్దు వాలాక ఎద్దులు పలుపులు ఈడ్చుకుంటూ వాటంతటవే వచ్చాయి. వాటి వెనక అప్పాసామి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగి, తాగి, నిదానంగా చెప్పాడు. "పొద చాటున ఉన్నోడు ఎద్దును మన మాటలో అదిలించినాడమ్మా. మీ ఆయన అది విని తల తిప్పి, మనోళ్ళేనా, మీ ఇంటిపేరేందని అడిగేసినాడు."

మీ బావ సంగతి నీకు తెలియనిదా? తెలుగు చెవిన పడితే ఇంటిపేరు అడగందే ఆయనకు తిన్నది అరగదు. సంతలో వంకాయలమ్మే ఆమెను ఇంటిపేరడిగి, నాకు వదిన వరసని తేల్చి, భోజనానికి వెంటబెట్టుకొచ్చిన మనిషి. ఆయనే ఏమిటి, అరవదేశంలో ఉన్న మనమంతా అంతే. అసలు ఖర్మ ఏమిటంటే, ఆ దొంగ కూడా మనవాడే కాబట్టి అలవాటు కొద్దీ చెప్పేశాడట! చెప్పాక గానీ వాడికి తెలివి రాలేదట.

"కాకీ టోపీ ఊళ్ళోకి రాకుంటే మీకు కవలై లేదు, దిగులు పడొద్దు" అన్నాడు అప్పాసామి. తర్వాత లోపలికి తొంగి చూసి, "పిల్లోళ్ళు యాడ పండుకుంటారు?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు తమ్ముడూ, నవ్వుతూనే అడిగాడు. అప్పటినుంచి పిల్లల్ని నా పక్కనుంచి కదలనివ్వడం లేదు.

దొంగ ఇంటిపేరు తెలిసిపోయింది కాబట్టి, విత్తడం అయ్యేదాకా మీ బావను వాళ్ళ దగ్గరే ఉంచుకుని, ఆ తర్వాత పంపిస్తారు. ఎద్దుల్ని అప్పాసామి చేతికిచ్చి ఆయన అటునుంచి అటే విరుదునగర్‌కు, నీ దగ్గరికి వెళ్ళాడని ఊళ్ళో చెప్పాను. అత్తకూ అదే చెప్పాను. కాబట్టి మండీకి మావాళ్ళెవరైనా వస్తే, బావ ఇప్పుడే భోజనానికి వెళ్ళాడని చెప్పు. నీకు తెలిసిన ఇనస్పెక్టరు దగ్గర మాటవరసకైనా ఈ ఊసు ఎత్తకు. నీ మంచితనమే నాకు భయంగా ఉంది.

కూలికి వచ్చే రంగసామిని అరకకు పెట్టాను. వెనక గింజలు నేనే వేస్తున్నాను. ఇంకా తూర్పు చెలక మిగిలింది.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
పొన్నమ్మాళ్.

తాజా కలం: ఇది కావాలనే చివర రాస్తున్నాను. ముందే రాస్తే తక్కింది చదవకుండా స్టేషనుకు పరుగెత్తేవాడివి. విత్తడం అయ్యాక పంపిస్తారన్నది నా కల్పన. ఆ రోజు లేచి వెళ్ళబోతూ అప్పాసామి మీ బావ మొలతాడు నా చేతిలో పెట్టాడు. కోసేసి ఉంది. బతికున్న మగవాడి మొలతాడు ఎవరూ కొయ్యరు. ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. అత్త పొయ్యి దగ్గర ఉంది, గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది. నేను ఫిర్యాదిస్తే ఆయన తిరిగి రాడు, పిల్లలు పోతారు. అంతే తమ్ముడూ, నాకింకేమీ తోచడం లేదు.

కొన్నాళ్ళయ్యాక, బావ కొలంబుకు ఓడెక్కాడని ఒక కార్డు రాయి. ఊళ్ళో అందరూ చదివేటట్టు అరవంలో రాయి. కొలంబుకు పోయి తిరిగిరాని మగవాళ్ళు ఈ పక్క చాలామంది ఉన్నారు. వాళ్ళ పెళ్ళాలు బొట్టు తీయరు. ఈ పొద్దున కూడా అద్దం ముందు నిలబడి పెట్టుకున్నాను. వంకర పోయింది. అత్త చూసి, కొంగు తడిపి తుడిచి, తన చేత్తో సరిగ్గా పెట్టింది.