ఫోటో చుట్టూ పూలు

పెద్దపల్లి, 1998, మంగళవారం రాత్రి

బొగ్గుబావిలో పోయిన కొడుకు దశదినకర్మ కార్డు కోసం మల్లన్న మా ప్రింటింగ్ షాపుకొచ్చాడు. ఫోటో చుట్టూ పూలు కావాలన్నాడు. కంప్యూటర్లో ఒక పువ్వు గీసి, దాని నకళ్లను ఫోటో చుట్టూ తిప్పుతూ పోయాను. తిప్పినప్పుడల్లా అది జరిగి ఆ కుర్రాడి కళ్లమీదే పడింది. పడినప్పుడల్లా దాన్ని తిట్టాను. కుంచెతో బోర్డులు రాసిన రోజుల్లో నేను తాగి తూలినా నా పూలు తూలలేదు. చివరికి తప్పు దొరికింది. తిరిగే కేంద్రం ఎక్కడో పక్కన ఉంది. దాన్ని ఫోటో నడుమకు తెచ్చాక పూలన్నీ చుట్టూ కుదిరాయి.

“అయింది మల్లన్నా, చూడు.”

మల్లన్న తెర దగ్గరికి వంగి చూశాడు.

“ఇంతసేపు నువ్వు గా పూలను తిడుతుంటే మంచిగనే ఉండె అన్నా. గిప్పుడు నిజంగనే పోయినట్టు కనబడుతుండు. జర పూలు తీసెయ్యి.”

తీసేశాను. కింద ‘స్వర్గస్థుడైనాడు’ అన్న మాట అలాగే ఉంది. మల్లన్నకు చదువు రాదు. నేనూ చదివి వినిపించలేదు...