బేస్‌మెంట్ విడిపోయింది

ట్రాయ్,
ఆదివారం మధ్యాహ్నం

పై అంతస్తు ఏలిక శశికాంత్‌కు,

నిన్నటి నుంచి మా బేస్‌మెంట్ స్వతంత్ర దేశం. "నలుగురిదీ ఒకే లీజు, విడిపోవడమేంట్రా?" అని నా రూమ్మేట్ ఉదయ్‌ని అడిగావట. ఆగస్టులో మీరిద్దరూ మేమిద్దరం వంటలు కలిపినప్పుడు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాం, గుర్తుందా? వేడినీళ్లు సగం, ఫ్రిజ్‌లో రెండు అరలు, వంట వంతులవారీగా. మేం స్నానానికి వెళ్లేసరికి చన్నీళ్లే మిగులుతున్నాయి. మా అరల్లో మీ అమ్మ పంపిన ఆవకాయ కాపురం పెట్టింది. నీ టర్న్ వచ్చిన ప్రతిసారీ నీకు అసైన్‌మెంట్ ఉంటుంది.

అందుకే కుక్కర్ కిందికి తెచ్చుకున్నాం. నువ్వు దొంగతనం అంటావు, మేం ఆస్తుల పంపకం అంటాం. మా దేశాన్ని గుర్తించమని ఓనర్ గిరిజ ఆంటీని అడిగితే, "ముందు ట్రాష్ బయట పెట్టండిరా" అన్నారు.

ఒక్క సమస్య మిగిలింది. తొందరలో కుక్కర్ విజిల్ మీ కిచెన్‌లోనే మర్చిపోయాం. గంటైనా పప్పు ఉడకలేదు. మమ్మల్ని దేశంగా గుర్తించకపోయినా పర్లేదు, విజిల్ పట్టుకుని మీరిద్దరూ కిందికి రండి. అలవాటు చావక పప్పు నలుగురికి సరిపడా పోసేశాం.

ఇట్లు,
బేస్‌మెంట్ విదేశాంగ మంత్రి