సౌము మొహానికి నలుగు వద్దు

దార్ ఎస్ సలామ్

అక్కా, నేనూ నీ సౌమూ క్షేమం. నువ్వు భయపడ్డట్టు నీ కూతుర్ని ఎవరూ కోసేయలేదు.

డాక్టరమ్మకి చూపించాను. మొటిమల గుంటలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవంది. ముందు మొటిమలు ఆగాలట. ఆ తర్వాత నెలకోసారి సన్న సూదులతో గుచ్చితే కొత్త చర్మం వస్తుందట. లేజరైతే మన నల్లని చర్మం మీద ఏమాత్రం తేడా వచ్చినా మచ్చలు ఇంకా ముదురుతాయట.

"పెళ్లినాటికి నునుపవుతుందా?" అన్నాను.

"పెళ్లినాటికి కాదమ్మా, తొలి బిడ్డనాటికి చూద్దాం!" అని నవ్వింది.

సౌము నవ్వలేదు. దారిలో, "పిన్నీ, లవంగాల నలుగుతో గట్టిగా రుద్దితే గుంటలు పూడతాయని అమ్మ నలుగు పెట్టే ముసలమ్మ బీ కిదావాని పిలిపించింది. రుద్దినచోటల్లా ఎలా కమిలిందో చూడు" అంది. చూసి ఒళ్లు మండింది. పెళ్లికొడుకు మొహం నిండా గుంటలే కదా, వాణ్ని ఏ ముసలమ్మ రుద్దుతోంది? వాళ్లమ్మ పంపిన తెల్లబడే క్రీము నేనే పారేశాను. అడిగితే నా పేరు చెప్పు.

నలుగు చేతులకీ కాళ్లకీ పెట్టించు, మొహం జోలికి మాత్రం రానీకు. బావ దగ్గు తగ్గిందా? పెళ్లికి చాపలు అల్లడం అయిందా?

సౌము ఒకటే అంది: "ఈ మొహంతోనే పీట మీద కూర్చుంటాను. ముసుగు తీసినప్పుడు అమ్మ తల దించుకోకపోతే చాలు."

దించుకోకు అక్కా. దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి.

నీ చెల్లెలు జమ్దా