దక్షిణం కిటికీలు

జూన్ 2, 2025
పాత లైబ్రరీ ఫైల్ నా చేతికే వచ్చింది. మేముండే పాయింట్ కుక్ నుంచి రెండు గంటల డ్రైవ్, చిన్న ఊరు. కూల్చేద్దామంటోంది కౌన్సిల్. ఉంచాలో వద్దో హెరిటేజ్ ఆర్కిటెక్ట్‌గా నేను రిపోర్ట్ ఇవ్వాలి. కట్టింది ఆంబ్రోస్ కిట్సన్, 1879లో. ఇంగ్లండ్ నుంచి ఓడ దిగిన ఏడాదికే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు గుర్రం మీద తిరుగుతూ చుట్టుపక్కల ఇంకో ఇరవై రెండు కట్టాడు. కోర్టులు, బళ్ళు, ఆస్పత్రి. ఆయన పేరు ఒక్కడికీ తెలీదు!

జూన్ 10
అబ్బ, ఏం చలి! ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం. మిట్టమధ్యాహ్నం లోపల కోటు విప్పలేకపోయాను. పెద్ద కిటికీలన్నీ దక్షిణానికే. భూమధ్యరేఖకి కిందున్న ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి కదా. తాళాలు తెచ్చిన ద్వారకానాథ్ అంకుల్ ఆ ఊళ్ళో రిటైరైన డాక్టర్. దీన్ని అందరూ ఐస్‌బాక్స్ అంటారట. ఎవడో బుర్ర తక్కువవాడు కట్టాడమ్మా, పడగొట్టించెయ్ అన్నారు.

జూన్ 11
బుర్ర తక్కువ కాదు. ఇంగ్లండ్‌లో ఎండ దక్షిణం నుంచే.

నాకెలా తెలుసంటే, నేనూ అదే చేశాను. 2011, ట్రుగనీనాలో నేను డిజైన్ చేసిన మొదటి ఇల్లు. హైదరాబాద్ అలవాటు చొప్పున సన్‌షేడ్లన్నీ దక్షిణానికి గీశాను. ఉత్తరం అద్దాలు బోడిగా వదిలేశాను. ఇల్లు కొలిమైపోయింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయన విష్ణుకి కూడా.

జూన్ 19
దొరికింది! కిట్సన్ రెండో బిల్డింగ్, కోర్టు డ్రాయింగ్. దక్షిణం కిటికీల్ని కత్తితో గీకేసి, ఉత్తరానికి మళ్ళీ గీశాడు. ఆ తర్వాతివన్నీ ఉత్తరానికే. శెభాష్ అని ఆర్కైవ్స్‌లోనే పైకి అనేశాను.

జూన్ 24, సాయంత్రం
రేపే కౌన్సిల్ హియరింగ్. బాస్ ఇటుకపని గురించి చెప్పు చాలు, తప్పు సంగతి ఎత్తకు అన్నాడు. విష్ణుకి ట్రుగనీనా సంగతి చెప్పేశాను. కాసేపు నవ్వి, అది మాత్రం అక్కడ చెప్పకు, పరువు పోతుంది అన్నాడు. సాహిత్య మాత్రం జస్ట్ టెల్ దెమ్, మమ్ అంది.

జూన్ 25
చెప్పేశాను. ట్రుగనీనా ఇంటి ఫొటో స్క్రీన్ మీద పెట్టాను. హాలంతా నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు కోర్టు డ్రాయింగ్ చూపించాను. ఈ తప్పు ఇక్కడ లేకపోతే మిగతా ఇరవై రెండిట్లో ఆయన ఏం నేర్చుకున్నాడో ఎవరికీ తెలీదన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

ఉంచడానికి ఐదు ఓట్లు, కూల్చడానికి నాలుగు. ఉంటుంది! ద్వారకానాథ్ అంకుల్ వచ్చి, ఆయన్నెన్ని మాటలన్నానమ్మా అని నా చెయ్యి పట్టుకున్నారు. ఏడ్చాను. గర్వంగా ఉంది. కిట్సన్ గురించీ, నా గురించీ.

ఆగస్టు 8
దక్షిణం కిటికీలు అలాగే ఉంచి, లైబ్రరీ ఉత్తరపు గోడకి రెండు కొత్త కిటికీలు గీశాను. సంతకం పెట్టేముందు లేచి బయటికెళ్ళి, ఎండ ఎటునుంచి వస్తోందో చూసొచ్చాను. ఆర్కిటెక్ట్ గడిలో కిట్సన్ పేరు, కింద నాది.