మత్రా రేవులో విచ్చుకోని జెండా

శ్రీయుత సబ్ కలెక్టర్ గారి సముఖమునకు,
బాన్సువాడ.

అయ్యా,

విషయం: ఒమన్ దేశం, మత్రా రేవు పట్టణంలో జాతీయ దినోత్సవం నాడు జెండాను అవమానపరిచాడన్న నేరంపై నిర్బంధంలో ఉన్న నా భర్త భీంరావు ఆ జెండాను గౌరవంతోనే కట్టాడని ధ్రువీకరిస్తూ పత్రం ఇప్పించుట గురించి.

బాన్సువాడలో కిరాయికుంటున్న వనిత అను నేను తమరికి విన్నవించుకొనునది. నేను తహసీల్ ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపులో అర్జీలు టైపు చేస్తాను. జుక్కల్ నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి వచ్చేవాళ్లకు పింఛను మొదలు పొలం హద్దు దాకా ఎన్ని రాశానో నాకే గుర్తు లేదు. తమ బల్ల మీదికి వచ్చిన వాటిలో 'కావున' మరీ ఎక్కువగా కనిపించినవి నావే అయి ఉంటాయి. అలాంటిది ఈరోజు నా సొంత అర్జీకి వేళ్లు ఆడటం లేదు. తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు భీంరావు మస్కట్ వెళ్లకముందు తమ కార్యాలయంలోనే రోజుకూలీ అటెండరుగా పనిచేసియున్నాడు. పంద్రాగస్టుకు, ఛబ్బీస్ జనవరికి జెండా కట్టే పని ఆయనదే. బడిలో డ్రిల్లు సారు నేర్పిన విద్య అది. మడత మడతకూ పూలరేకులు పెట్టి, మూటలా చుట్టి, జారుముడి వేసి స్తంభం పైకి పంపుతాడు. కింద నిలబడి పెద్దవాళ్లు తాడు లాగితే జెండా విచ్చుకుని పూలు రాలతాయి. ఇది తమరికి నేను చెప్పాల్సిన పని లేదు, తమరే లాగారు. ఒక బంతి రేకు తమ కళ్లద్దాల మీద పడితే తమరు తుడుచుకోకుండానే జనగణమన పాడారు. ఆ సంగతి మా ఆయన ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో తమరికి తెలియదు.

2. ఆయన ప్రస్తుతం మస్కట్‌ను ఆనుకుని ఉన్న మత్రాలో రేవు పక్కన గోదాములు ఊడ్చే పనిలో ఉన్నాడు. చాలా పాతకాలపు రేవు అది. కొండ మీద కోట, కింద సముద్రం, ఒడ్డు పొడుగునా తెల్లటి ఇళ్లు. నవంబరులో వాళ్ల జాతీయ దినోత్సవం వస్తే పడవలకు కూడా జెండాలు కడతారు. వీడియో కాల్‌లో అవన్నీ చూపిస్తూ, మన బస్టాండుకు ఇన్ని లైట్లు పెడితే ఊరంతా కరెంటు పోతుందని నవ్వాడు. పండుగ ముందురోజు సూపర్‌వైజరు కొత్త జెండా ఇచ్చి గేటు దగ్గరి స్తంభానికి కట్టమన్నాడట. అక్కడ జెండాను విప్పే ఎగరేస్తారు, మూటగట్టే ఆచారం లేదు. ఆ సంగతి మా ఆయనకు ఎవరు చెప్పాలి? ఆయనకు తెలిసిన మర్యాద ఒక్కటే. అక్కడున్న మనవాళ్ల గుడి ముందు పూలమ్మే మలయాళీ దగ్గర గులాబీలు కొన్నాడు. యజమాని వచ్చి తాడు లాగుతాడు, అతని తెల్లబట్టల మీద పూలు పడతాయి, అందరూ సంతోషపడతారు అనుకుని, ఎవరికీ చెప్పకుండా ముచ్చటపడి కట్టాడు.

3. తెల్లారేసరికి సముద్రపు తేమకు నూలుతాడు ఉబ్బి ముడి బిగుసుకుంది. రేవు నిండా జెండాలు ఎగురుతుంటే ఆ ఒక్క స్తంభం మీద మాత్రం వాళ్ల జెండా మెడకు తాడు బిగించినట్టు వేలాడిందట. యజమాని, అతిథులు, పోలీసు బండ్లు అప్పుడే వచ్చాయి. ఈయన ఉరికొచ్చి తాడు లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. చూసేవాళ్లకు జెండాను కిందికి గుంజి పడేస్తున్నట్టు కనిపించింది. ఎవరో వీడియో తీశారు. అందులో చేతులు జోడించి బాన్సువాడ హిందీలో ఏదో చెబుతూనే ఉన్నాడు, అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అట్లాగే బండి ఎక్కించారు. వాళ్లది తప్పని నేననను సార్. మన జెండాను ఎవరైనా అలా కట్టి వేలాడదీస్తే మనమూ ఊరుకోం.

ఈ విషయం నాకు చెప్పింది అక్కడ ఆయన గదిలోనే ఉండే, మన పక్క వర్ని ఊరి అబ్బాయి రంజిత్. "అక్కా, నువ్వైతే ఫికర్ చేయకు గని, అన్నను స్టేషన్‌కు తోల్కపోయిండ్రు" అన్నాడు. ఫికర్ చేయకు అన్న ముక్కకే నాకు ఫికర్ పట్టుకుంది.

4. ఈ నంబరు కింద 'మానసిక ఆందోళనకు గురియగుచున్నాను' అని టైపు చేసి కొట్టేశాను. భయంగా ఉంది సార్. జెండా కేసుకు ఎన్నేళ్లు పడుతుందో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఆ వీడియో మన ఊరి గ్రూపుల్లోకి కూడా వచ్చింది. షాపుకొచ్చిన ఒకాయన దాన్ని నాకే చూపించి, ఎవడో గాని బొత్తిగా బుద్ధి లేనోడు అన్నాడు. నేను ఆయన ఆధార్ కార్డు జిరాక్స్ తీసి చేతికిచ్చాను. నా మొగుడు అని చెప్పడానికి ధైర్యం చాలలేదు. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా అత్త సమ్మవ్వకు ఇంకా చెప్పలేదు. పండుగకు పని ఎక్కువుందట అన్నాను. నిన్న బీడీలు చుట్టేది ఆపి నా మొహంలోకి చూసింది. "పండుగ అయిపోయె గదనే, ఇంకేం పని? నా కొడుకు పానం మంచిగున్నదా లేదా, గదొక్కటి చెప్పు" అంది. మంచిగున్నది అన్నాను. అన్నం తింటున్నాడో లేదో, ఎవరైనా చేయి చేసుకున్నారో లేదో నాకేమీ తెలియదు సార్.

5. మీ దేశంలో జెండా కట్టే పద్ధతి అదేనని అధికారి ఎవరైనా రాసిస్తే పనికొస్తుందని అక్కడి వకీలు రంజిత్‌తో అన్నాడట. నేను మీసేవ ఆన్‌లైన్‌లో వెతికాను. కులానికి ఉంది, ఆదాయానికి ఉంది, నివాసానికి ఉంది. ఒక మనిషి జెండాను ప్రేమగానే కట్టాడని ఇచ్చే ధ్రువపత్రం ఏ సేవలోనూ లేదు.

కావున తమరు దయతలచి, మన దేశంలో జాతీయ పండుగలకు జెండాలో పూలు పెట్టి మూటగా కట్టడం పెద్ద గౌరవమని, సదరు భీంరావు ఈ కార్యాలయంలో అలాగే కట్టేవాడని, ఇంగ్లీషులో సంతకం, ముద్రతో ఒక ఉత్తరం ఇప్పించగలరు. తమరు తాడు లాగిన నాటి వీడియో నా ఫోనులో ఉంది. అందులో తమ మొహం, కళ్లద్దాల మీద రేకు స్పష్టంగా కనిపిస్తాయి. తమ అనుమతి లేనిదే ఆ వకీలుకు పంపడానికి భయపడుతున్నాను. పంపుకోనివ్వండి.

ఇంతకంటే ఎట్లా రాయాలో తెలియక ఇక్కడికి ఆపుతున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వనిత
భర్త: భీంరావు

తా.క. ఆయనకు ఒక్కసారే ఫోను ఇచ్చారు. కేసు ఊసెత్తలేదు, అమ్మ ఎట్లుంది అని కూడా అడగలేదు. "వనితా, ముడి ఇడిసిందా? పూలు పడ్డయా?" అన్నాడు. పడ్డయి, అందరి మీద పడ్డయి అని చెప్పాను. అబద్ధమాడానన్న సిగ్గుతో ఈ మాట పైన రాయలేదు. కానీ ఇప్పుడు కాగితం కవర్లో పెడుతుంటే తట్టింది. ముడి రాకపోయేసరికి తాడు కోసి, మూటను మూటలాగే సంచిలో వేసి సీలు చేసి తీసుకెళ్లారని రంజిత్ చెప్పాడు. ఎవరూ విప్పి చూడలేదు సార్. పూలు లోపలే ఉన్నాయి. ఎండి నల్లబడి ఉంటాయి గానీ, అవమానం చేసేవాడు మడత మడతకూ గులాబీ రేకులు పెట్టడు కదా. ఉత్తరంలో ఇంకేం రాసినా రాయకపోయినా, ఆ మూటను జడ్జి ముందు విప్పమని రాయండి. కత్తి పెట్టొద్దనండి, బట్ట చిరిగితే అదీ ఆయన మీదికే వస్తుంది. ముడి రాకపోతే ఆయన్నే పిలిపించి విప్పించమనండి.