లాయరమ్మ చెయ్యి

అమ్మకు,

సోల్విగ్ నమస్కారాలు. ఇక్కడ నేను, నీ అల్లుడు ఎరిక్, కుక్కతో సహా అందరం క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని నాకు రాశావు, పిన్నికి మాత్రం తగ్గలేదని చెప్పావట. మీ ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. కిటికీలు మార్పించావా అని అడిగావు. లేదమ్మా. మా డులూత్ ఊళ్లో మంచు కరగనేలేదు, పైగా ఈ నెల నన్ను కోర్టులో జ్యూరీ పని మింగేసింది. ముద్దాయి దోషో కాదో తేల్చే పన్నెండుమందిలో నన్నూ వేశారు.

నేను ఇళ్ల అమ్మకాల కాగితాలు రాసుకునే లాయర్ని. నేరాల కోర్టు గడప తొక్కి ఎరగను. అయినా జడ్జి నన్ను ప్రత్యేకంగా లేపి, తెలిసిన చట్టమంతా ఇంట్లో వదిలేసి రావాలని, ఇక్కడ తను చెప్పిందే చట్టమని హెచ్చరించాడు. వదిలేసి రావడానికి అదేమన్నా గొడుగా?

ఆర్వో లాంపి అనే పడవల మెకానిక్, తనను పనిలోంచి తీసేసిన యజమాని షెడ్డుకు నిప్పు పెట్టాడని కేసు. ఆ సాయంత్రం అతన్ని అటువైపు చూసినవాళ్లున్నారు. అతని బండిలో పెట్రోలు డబ్బా దొరికింది. పడవలు బాగుచేసేవాడి బండిలో పెట్రోలు కాక పాలు దొరుకుతాయా? అతను మాత్రం అసలు బోనే ఎక్కలేదు, తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేదు. ముద్దాయి మాట్లాడకపోవడాన్ని తప్పుగా పట్టకూడదని జడ్జి మరీమరీ చెప్పాడు.

తీర్పు తేల్చమని జ్యూరీని గదిలో పెట్టి తలుపు మూశారో లేదో, అందరూ నావైపు తిరిగారు. మా జ్యూరీ పెద్ద గోర్డీ, రేవులో పనిచేసి రిటైరైన మనిషి, "ఏ తప్పూ చెయ్యనోడైతే నోరెందుకు తెరవలేదు లాయరమ్మా?" అన్నాడు. నేను చెప్పకూడదన్నాను. జ్యూరీలోనే ఉన్న డార్లీన్ తను చేసి తెచ్చిన గుమ్మడి రొట్టె నా ముందుకు జరిపి మరీ అడిగింది. చెప్పకూడదనే అన్నాను. ఎంత విసుగొచ్చిందో! చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తరు, అందరి కళ్లూ నా చెయ్యి మీదే. పోనీ కాగితాల మీద రాద్దామంటే పక్కావిడ నా కాగితంలోకి తొంగిచూసింది. నోరు తెరిచినా లాయర్నే, మూసుకున్నా లాయర్నే.

ఎరిక్‌కి కూడా చెప్పని సంగతి ఇప్పుడు నీకు చెబుతున్నాను. వాళ్లతో ఏమీ అనకపోయినా నాలో నేను లెక్క వేసుకున్నాను. బోనెక్కితే పాత నేరాలు బయటపడే ప్రమాదం ఉంటుంది, అందుకే లాయరు అతన్ని ఎక్కించలేదు, ఇంతకుముందు జైలు చూసినవాడే అయ్యుంటాడు అనుకున్నాను. చదువుకున్నందుకు వచ్చిన అనుమానం అది. దోషి అని చెయ్యెత్తాను. నా వెనకే తక్కిన చేతులన్నీ లేచాయి.

తీర్పయ్యాక అతని లాయరు, ఒక పెద్దావిడ, వరండాలో నన్ను ఆపింది. ఆర్వో మీద ఇంతవరకు చిన్న కేసు కూడా లేదట. అతనికి నత్తి. నలుగురిలో గొంతు పూర్తిగా పూడుకుపోతుందట. తడబడితే అబద్ధమనుకుంటారని ఆవిడే బోనెక్కనివ్వలేదట.

"మిమ్మల్ని జ్యూరీలోంచి తీసేయించమని మావాళ్లంతా అన్నారండీ. నేనే ఉంచాను. ఒక్క లాయరన్నా ఉంటే, మాట్లాడకపోవడం నేరం కాదని అర్థం చేసుకుంటారనుకున్నా" అంది.

జడ్జి దగ్గరికి వెళ్లి చెప్పేద్దామంటే, జ్యూరీలోవాళ్లు మనసులో ఏమనుకున్నారో కోర్టు వినదు. నా ఖర్మ, ఆ నియమమూ నాకు తెలుసు. అయినా రాసి పంపాను. పక్కన పడేస్తే పడేయనీ.

సోమవారం శిక్ష వేస్తారు. వేసేముందు, ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి ఆర్వోని అడుగుతాడు. నేను వెళ్లి కూర్చుంటానమ్మా. ఎంతసేపు పట్టినా కదలను. దోషి అని చెయ్యెత్తినదాన్ని, అతని గొంతు వినడం అదే మొదటిసారి.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
సోల్విగ్