అంచులు కోసిన పుస్తకం

మా మిడతకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వు హాస్టల్లో వేళకు తింటూ, ఒంట్లో బాగానే ఉన్నావనుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఆలస్యమైంది తీరిక లేక కాదు, మొహం చెల్లక.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను. మీ అమ్మ మోకాలు కాస్త నయం. మేడమెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు, అందుకే రోజుకు నాలుగుసార్లు ఎక్కుతోంది. వంటింటి గోడ చెమ్మ అలాగే ఉంది. ఇంటి ఓనరు "చూద్దాం" అన్నాడు. ఆయన చూడ్డం మొదలుపెట్టి రెండేళ్లయింది. నీ మార్కుల సంగతి మీ అమ్మ పక్కింటావిడకు రెండుసార్లు చదివి వినిపించింది. పాపం, ఆవిడ రెండుసార్లూ సంతోషించింది.

ఇక నాలుగోది. "నాన్నా, నా పుస్తకం కుట్టడం అయిందా? కుట్టు తప్ప ఇంకేం చేయకు" అని రాశావు. ఊరెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి కూడా అదే చెప్పావు. నీ ఉత్తరం వచ్చేసరికే పని అయిపోయిందమ్మా. ఊడిపోయిన ఆ నవల కాగితాలు కుట్టాను, జిగురు పెట్టాను, నీలం గుడ్డ అట్ట వేశాను. అంచులు కూడా కోసేశాను.

ముప్పై ఏళ్లుగా బైండింగు షాపులో చేస్తున్నాను కదా. కుట్టిన పుస్తకానికి కటింగ్ మిషన్లో మూడు వైపులా అంచు తీస్తేనే మా చేతికి పని పూర్తయినట్టు. అలవాటు కొద్దీ తీసేశాను. ఆ అంచుల నిండా ఎవరో పెన్సిల్‌తో రాసిన మాటలున్నాయని తర్వాత చూశాను. ఏ పేజీ తిప్పినా సగం సగమే మిగిలాయి. మీ అమ్మకు కూడా ఇలాగే చెప్పాను. "నీదంతా తొందరే" అని ఊరుకుంది.

మర్నాడు అట్ట అంటిస్తుంటే చివరి ఖాళీ కాగితం మధ్యలో నీ చేతిరాత కనిపించింది. "ఇది నీకు తిరిగిచ్చేద్దామంటే నువ్వు లేవు." కింద నిరుటి తేదీ. ఆ వారంలోనే నువ్వు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "మా క్లాసబ్బాయి పోయాడు నాన్నా, బస్సు గుద్దింది" అన్నావు. "అయ్యో పాపం" అన్నాను. "సరే, టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను. నువ్వు తాగావు కూడా.

అప్పుడు ఆ నవల చదవడం మొదలుపెట్టాను. నవ్వకు. వేల పుస్తకాలు కుట్టాను గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మిషను పక్కన కూర్చుని మూడు రోజులు చదివాను. అందులో పిల్లకు పదిహేడేళ్లు. తను ప్రేమించిన కుర్రాడు ఏటిలో మునిగి చనిపోతాడు. వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు, కాబట్టి ఆ పిల్లను ఎవరూ ఓదార్చరు. అతని తల్లితో "నేనూ మీ అబ్బాయి క్లాసేనండీ" అని మాత్రం చెప్పి వచ్చేస్తుంది. ఇంటికొస్తే వాళ్ల నాన్న రేడియో బాగుచేసుకుంటూ, "తలుపు వెయ్యి, గాలి వస్తోంది" అంటాడు.

అక్కడ ఇక నా వల్ల కాలేదు. షాపు యజమాని చూసి, "ఏం మేస్త్రీ, కథలు చదివి ఏడుస్తున్నావా?" అన్నాడు. కాగితం దుమ్మండీ అన్నాను. "ముప్పై ఏళ్లుగా లేని దుమ్ము ఇవాళెక్కడిదయ్యా!" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇంతదాకా రాసి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. అలవాటు కొద్దీ కోశానని పైన రాసింది అబద్ధం. కొయ్యక ముందే చూశాను. "ఈ పేజీ దగ్గర నువ్వు ఏడ్చే ఉంటావు, రేపు కలిసినప్పుడు ఒప్పుకో" అని ఉంది. ఎవడు వీడు, నా కూతురికి ఇలా రాయడానికి అని ఒళ్లు మండిపోయింది. మామూలుగా గోరంత అంచే తీస్తాం. నేను వేలు వెడల్పు పెట్టి, బిగించి, పిడి లాగాను. "పీడా పోయింది" అని పైకే అన్నాను. చనిపోయిన పిల్లాడిని అన్నానమ్మా ఆ మాట. బతికున్నవాడైనా తప్పే.

నీ రాత చూశాక తుక్కు సంచుల కోసం పరిగెత్తాను. పొద్దున్నే కాగితం మిల్లు లారీ పట్టుకుపోయిందట. మిషను బల్ల కింద ఇరుక్కున్న నాలుగు పీలికలు దొరికాయి. ఒకదాని మీద "అబ్బో" అని ఉంది, ఇంకోదాని మీద "లేదులే". మిగతా రెండూ నాకు అంతుపట్టలేదు. ఈ కవర్లోనే పెడుతున్నాను, మెల్లగా విప్పు.

పుస్తకం పోస్టులో పంపే ధైర్యం లేదు, ఆదివారం నేనే తెస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు. మాట్లాడాలని లేకపోతే గేటు దగ్గర ఇచ్చి వచ్చేస్తాను. సెలవులకు రానంటే మీ అమ్మకు కారణం నేనే చెప్పుకుంటాను, ఈసారి నిజమే చెబుతాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. మొదటి పేజీలో, పైమూలన, అతను తన పేరు రాసుకున్నాడు. మిషను కింద అదీ పోయింది. అక్షరాల కింది ఒత్తులు మాత్రం మిగిలాయి. ఎన్నిసార్లు కూడబలుక్కున్నా నాకు రావడం లేదు. ఆ అబ్బాయి పేరేమిటమ్మా?

ఇట్లు,
తప్పు చేసిన
నీ నాన్న